తలుపు లేని గది

ఫజర్ అజాన్‌కు ముందే వహీదా లేచింది. గురువారం, కూతురు శిఫా రోజా అని ఉపవాసం ఉండే రోజు. వంటింట్లో లైటు వేసి, ఖిచిడీ పొయ్యి మీద పెట్టి, పక్క పొయ్యి మీద ఖీమా వేడి చేసింది. నువ్వులు నూరి చింతపండు పులుసులో కలిపి ఖట్టా చేసింది. తెల్లవారకముందు తినే సహరీలో ఈ మూడూ కడుపులో పడితే పిల్ల సాయంత్రం దాకా నిలబడుతుందని ఆమె నమ్మకం. బెల్లంపల్లిలో ఆమె తల్లి కూడా ఇలాగే చేసి పెట్టేది.

రమజాన్ వెళ్ళిపోయి చాలా నెలలైంది. ఇప్పుడు శిఫా ఉంటున్నవి నఫిల్ రోజాలు. ఎవరూ ఉండమని అడగనివి, ఇష్టంతో ఉండేవి. ఫోను చేతిలోంచి దింపని పదహారేళ్ళ పిల్ల సోమవారాలూ గురువారాలూ తనంతట తానే ఉపవాసం ఉంటానంటే ఏ తల్లి పొంగిపోదు? ఈమధ్య వాటికి తోడు ఇంకో రోజు, మరో రోజు కూడా కలుస్తున్నాయి.

శిఫా వచ్చి ప్లేటు అందుకుంది. స్వెటర్ చేతుల్లోంచి మణికట్లు సన్నగా బయటికొచ్చాయి.

"ఈడ కూసొని తినరాదే బేటా. వేడివేడిగ వడ్డిస్త."

"గదిల చదువుకుంట తింట అమ్మీ. ఫిజిక్స్ ఉన్నది."

"ఖీమా ఇంకింత ఏస్కో."

"చాలమ్మీ."

"నీళ్ళు బాగ తాగు. పొద్దంత నోరు ఎండుకపోతది."

"తాగుత."

గది తలుపు మూసుకుంది. కాసేపటికి లోపలి బాత్‌రూములో వేడినీళ్ళ చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు చాలాసేపు ఆగలేదు. ఈమధ్య రోజూ అంతే. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూకు ఇన్ని నీళ్ళెందుకు అనుకుంది వహీదా. వెంటనే, బిడ్డను తప్పుగా తలచినందుకు లోపల్లోపలే అస్తగ్‌ఫిరుల్లా అనుకుంది. చలికాలం. పిల్ల వేడినీళ్ళు పోసుకుంటే తప్పేముంది? అయినా ఆ చప్పుడు వింటుంటే చేతిలో పని సాగదు. తలుపు కింది సందులోంచి ఆవిరి సన్నగా వరండాలోకి పాకుతుంది. లోపల ఒక మనిషి ఉన్న అలికిడి మాత్రం ఉండదు.

భర్త నిసార్ అహ్మద్ నమాజు ముగించుకుని వచ్చి చాయ్ ముందు కూర్చున్నాడు. దోహా పక్కనున్న లుసైల్‌లో ఒక కంపెనీ స్టోర్‌లో అతని పని. డ్యూటీకి బయల్దేరే ముందు ఫోనులో ఒకే ఒక్క వీడియో చూడటం అతని అలవాటు. ఆ వీడియోలో ఇవోనా ఉంటుంది.

ఇవోనా శిఫాకు జూడో నేర్పే కోచ్. పోలండ్ దేశస్థురాలు, ఒకప్పుడు ప్రపంచ ఛాంపియన్. అల్ ముంతజాలో ఒక భవనం కింది అంతస్తులో ఆడపిల్లల కోసం క్లబ్బు నడుపుతోంది.

"ఇగో వహీదా, ఈ ఏటు సూడు. ఎదుటి పిల్ల గాలిల ఎట్ల లేచిందో!"

"రోజు సూస్తనే ఉన్న. ఆ పిల్ల రోజు లేస్తనే ఉన్నది, రోజు పడుతనే ఉన్నది. పాపం, దానికి జుమ్మా నాడన్న సెలవియ్యరాదు."

నిసార్ నవ్వాడు. "నీకెరికేనా, మేడం తండ్రి గూడ మా అబ్బా లెక్కనే బొగ్గుబాయిల పనిజేసినోడు. బాయి పక్కన కార్మికుల హాల్ల నేర్చుకున్నదట. అక్కడికెల్లి దేశంల ఫస్టు, యూరప్‌ల ఫస్టు, ఆఖరికి దునియాలనే ఫస్టు. బొగ్గుబాయి బిడ్డ!"

"దునియా గెల్చినామె నవ్వదేంది మరి?"

నిసార్ వీడియోను చివరికి జరిపాడు. ఆ అనుమానం అతనికీ ఉంది. వీడియో చివర రిఫరీ ఇవోనా చేయి పైకెత్తుతాడు. హాలంతా చప్పట్లు. ఇవోనా మాత్రం జనం వైపు చూడదు. మెడ తిప్పి, ఆటగాళ్ళు బయటికొచ్చే తలుపు వైపు చూస్తుంది. వెనక నుంచి ఎవరో పిలిచినట్టు. ఆ బంగారు పతకం తర్వాత రెండేళ్ళపాటు ఆమె పేరు ఏ పోటీలోనూ లేదు. తిరిగి వచ్చినప్పుడు తన పాత యాభై రెండు కిలోల తరగతిలోకి రాలేదు. యాభై ఏడుకు వెళ్ళింది. అక్కడ తనకంటే బలమైన వాళ్ళ చేతుల్లో ఓడిపోతూ ఓడిపోతూ చివరికి ఒక కంచు పతకం తెచ్చుకుని ఆట మానేసింది. క్లబ్బు గోడ మీద ఆ కంచు పతకం ఒక్కటే వేలాడుతుంది. బంగారం ఎక్కడా కనబడదు.

"పెద్దోళ్ళకు పెద్దోళ్ళ లెక్కలుంటయ్," అన్నాడు చివరికి. "శనివారం మన బిడ్డ మెడల బంగారం పడ్డంక నవ్వుతది గద, అది సూడు నువ్వు."

శనివారం క్లబ్బుల మధ్య పోటీ. జూడోలో బరువును బట్టి తరగతులుంటాయి. ఒక్కో తరగతికి క్లబ్బు నుంచి ఒక్కరినే పంపాలి. శిఫా అసలు తరగతి యాభై రెండు; అందులో ఆమె స్నేహితురాలు మెహ్విష్ ఉంది. మెహ్విష్‌ను శిఫా ఒక్కసారి కూడా పడగొట్టలేదు. నలభై ఎనిమిది ఖాళీగా ఉందని, అక్కడ గట్టి పిల్లలు లేరని కనిపెట్టింది నిసారే. ఒక్క మాట అన్నాడంతే. ఆ మరునాడే శిఫా వెళ్ళి తన బరువు నలభై ఎనిమిదేనని ఇవోనాకు చెప్పింది. ఇవోనా నమ్మింది. ఆమె క్లబ్బులో బరువు చూసే మిషన్ లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు.

తండ్రి డ్యూటీకి, బడికి సెలవులు కాబట్టి కూతురు మెహ్విష్ వాళ్ళింటికి చదువుకోవడానికి వెళ్ళిపోయారు. శిఫా అటు నుంచి అటే క్లబ్బుకు వెళ్తుంది. వహీదా బట్టలు ఆరేస్తుంటే పక్క వాటా రుక్సార్ గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఆపా, ఇంత పెరుగు తోడుకియ్యు. నీ చెయ్యి బర్కత్ చెయ్యి. దిల్ గూడ పెద్దది, మాషా అల్లా!"

"ఏందే, పొద్దుగాల్నే ఎత్తుతున్నవు?"

"మరి? పిల్లులకు ఎవరన్న ఖీమా పెడ్తరా ఆపా? మా ఆయన డ్యూటీకి పోంగ రోజు సూస్తడట. 'ఆపా ఇంటి పిల్లులకున్న నసీబు నాకు లేదాయె, నాకేమో ఎండిన బ్రెడ్డు' అని పానం తీస్తుండు. పొద్దుగాల్నే ఖిచిడీ, ఖీమా! సద్ఖా చెయ్యి, దానధర్మం వద్దనను. గని మా కాపురాలు సూసి చెయ్యి."

వహీదా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఏ పిల్లులకే?"

"మీ శిఫా గది కిటికీ కింద, ఏసీ మిషన్ల ఎన్క. బలిసి దూడలైనయ్."

వహీదా బట్టలు అక్కడే వదిలేసి మెట్లు దిగింది. చెప్పులు వేసుకోవడం మరిచిపోయింది. గోడకూ ఏసీ మిషన్లకూ మధ్య సందులో మూడు పిల్లులు రేకు కాగితం చుట్టూ చేరి తీరిగ్గా తింటున్నాయి. పసుపు ఖిచిడీ. ఖీమా. ఒక మూలకు జారి ఆరిపోయిన ఖట్టా. మనిషి అలికిడికి అవి బెదరలేదు. ఒకటి తలెత్తి ఆమె వైపు చూసింది. ఈ ఇంటివాళ్ళంటే తిండి పెట్టేవాళ్ళని దానికి అలవాటైపోయింది.

పైకి వచ్చి కూతురి గదిలోకి వెళ్ళింది. నమాజు చేసే జానమాజ్ మడతపెట్టి ఉంది. పుస్తకాలు సర్ది ఉన్నాయి. అన్నీ బుద్ధిగా ఉన్నాయి. బీరువా అడుగున, చలికాలపు రగ్గు వెనక, చేతికి ఏదో తడిగా తగిలింది. బయటికి లాగింది. చెత్త వేసే నల్లటి ప్లాస్టిక్ సంచి. మెడకూ చేతులకూ సరిపడా కన్నాలు కోసి ఉన్నాయి. లోపలంతా చెమట తడి.

మొదట ఆమెకు అర్థం కాలేదు. రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. గాలికి అది ఉబ్బి మనిషి ఆకారంలో నిలబడింది. తల లేదు. చేతులు లేవు. సరిగ్గా తన బిడ్డ ఎత్తు. వహీదా దాన్ని వదిలేసి మంచం మీద కూలబడింది. దీన్ని తొడుక్కునే పిల్ల ఆ ఆవిరిలో కూర్చుంటోంది. పొద్దుటి వేడినీళ్ళ చప్పుడు మళ్ళీ చెవుల్లో మొదలైంది. నల్లా మాత్రం కట్టేసే ఉంది.

ఫోనులో నిసార్‌తో ఆమె అన్నది ఒకటే మాట. "అన్నీ వదిలిపెట్టి రా."

డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి అతను లుసైల్ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. కారు వాళ్ళుండే అల్ వుకైర్ దాటి, క్లబ్బుకు వెళ్ళే దోహా రోడ్డెక్కింది. వహీదా ఒళ్ళో ఆ నల్ల సంచి ఉంది. నిసార్ రోడ్డును తక్కువ, ఆ సంచిని ఎక్కువ చూస్తున్నాడు.

"ఒక్క కిలో తగ్గుతే సాలన్నది వహీదా. నాతోని అట్లనే చెప్పింది."

"నలభై ఎనిమిది ఖాళీగున్నదని ఎవరన్నరు?"

"ఖాళీగున్నదన్న. మాడి సావమన్ననా?"

"నీకు బంగారం గావాలె. పొద్దున లేస్తే ఆ వీడియో. ఇంట్ల పిల్లను సూసేది లేదు, ఫోన్ల పిల్లను సూసుడు!"

"నేను సూడలే, సరే. ఇంట్ల ఉన్నదానివి నువ్వు సూసినవా? ఎముకలు బయటికొస్తుంటే, నా బిడ్డ ముఖంల నూర్ వచ్చింది అనుకుంట తిరిగినవు గద!"

నూర్, అంటే దేవుడిచ్చిన వెలుగు. ఆ మాట ఆమె అన్నదే. శుక్రవారం ఆడవాళ్ళంతా కూడి ఖురాన్ చదువుకునే దర్స్‌లో, అందరి ముందూ అంది. కారు క్లబ్బు ముందు ఆగింది.

క్లాసు ఇంకా మొదలవలేదు. మిగతా పిల్లలు రాలేదు. ఇవోనా మ్యాట్ ఒక చివర నిలబడి ఉంది. విశాలమైన హాల్లో పచ్చటి మ్యాట్ మీద శిఫా ఒక్కతే స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని తాడు ఆట ఆడుతోంది. ఒక పక్క బట్టలు మార్చుకునే గది. దానికి తలుపు లేదు, బరువైన పర్దా ఉంది. ఆడపిల్లలుండే చోట తలుపు లేకపోతే ఎట్లా అని తల్లులు ఎన్నోసార్లు అడిగారు. ఇవోనా ప్రతిసారీ తల ఊపేది. తలుపు మాత్రం పెట్టించేది కాదు.

తల్లిదండ్రుల్ని చూసి శిఫా ఆగింది. తల్లి చేతిలో ఉన్నది చూసి తాడు వదిలేసింది.

"అమ్మీ, ప్లీజ్. ఇంటికి పోయి మాట్లాడుకుందం."

వహీదా వినలేదు. చెప్పులు విప్పి మ్యాట్ ఎక్కి, ఇవోనా కాళ్ళ దగ్గర ఆ సంచి పరిచింది. "ఇది నువ్వు నేర్పిందేనా? అడుగు బేటా, ఆమెను అడుగు. దీంట్ల నా బిడ్డను ఉడకబెట్టమన్నది నువ్వేనా?"

శిఫా అడగాల్సిన అవసరం రాలేదు. ఇవోనా పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. నలభై దాటినా మ్యాట్ మీద నిలబడితే పాతిన స్తంభంలా ఉంటుంది. ఆ స్తంభం రెండడుగులు వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. ఆమె చూపు సంచి మీద లేదు. సంచికి కోసిన మెడ కన్నం మీద ఉంది. అందులోంచి ఎవరో తల పైకెత్తి చూస్తున్నట్టు.

"నీ బరువెంత?" ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. "నిజం చెప్పు."

"యాభై. దిగుతది మేడం. ఇంక రెండు రోజులున్నయ్."

ఇవోనా మ్యాట్ మీద కూర్చుంది. శిఫాను ఎదురుగా కూర్చోమంది. "నేను చెప్పేది ఒక్కో మాటా మీ అమ్మకు చెప్పు."

నిసార్ గుమ్మం దగ్గర్నుంచి, తనకు ఇంగ్లీషు వచ్చునని, తాను చెప్తానని అన్నాడు. ఇవోనా చేయి అడ్డం పెట్టింది. "లేదు. తన నోటితో తనే చెప్పాలి."

శిఫా చెప్పడం మొదలుపెట్టింది. ఇవోనా ఒక వాక్యం, ఆ తర్వాత శిఫా ఒక వాక్యం.

"మేడంకు ఒక దోస్త్ ఉండెనట. పేరు హాన్యా."

"హానియానా? మనోళ్ళ పేరే గద," అంది వహీదా, తెలియకుండానే.

"ఇద్దరిది పక్కపక్క ఇండ్లట. ఇద్దరి అబ్బాలు ఒకటే బాయిల పనిజేస్తుండిరట. ఇద్దరిది ఒకటే బరువు, యాభై రెండు. దేశం తరఫున ఒక బరువుకు ఒక్కల్నే తీసుకుంటరట. మేడం గట్టిది, అందుకని యాభై రెండు మేడందే. హాన్యా కిందికి దిగాలె అన్నరట. నలభై ఎనిమిదికి."

ఆ అంకె దగ్గర శిఫా ఇవోనా వైపు చూసింది. ఇవోనా ఆగలేదు.

"హాన్యా తినుడు మానేసిందట. తర్వాత నీళ్ళు గూడ. ప్లాస్టిక్ బట్టలేస్కొని ఆవిరి గదిల కూసునేదట. అలిసిపోయి నడుమ నడుమ బయటికొస్తున్నదని, మేడం తలుపుకు ఈపు ఆనిచ్చి బయట కూసునేదట. దోస్తుకు సాయం అనుకొని."

"తర్వాత?"

శిఫా తల అడ్డంగా ఊపింది. ఇవోనా అదే వాక్యాన్ని, అదే మెల్లటి ఇంగ్లీషులో మళ్ళీ చెప్పింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. ఎన్నో ఏళ్ళుగా ఒంటరిగా అప్పజెప్పుకుంటున్న పాఠంలా ఉందది.

"హాన్యా లోపలికెల్లి తలుపు కొట్టిందట. ఇంకింతసేపు ఉండు, అయిపాయె అన్నదట మేడం. మళ్ళ కొట్టిందట. నాటకాలు చేస్తున్నదని మేడం నవ్విందట. అమ్మీ, నేను చెప్ప. నాతోని కాదు."

"చెప్పు బేటా. మళ్ళ?"

"మళ్ళ కొట్టలేదట అమ్మీ."

ఏసీ గాలికి బట్టల గది పర్దా కొద్దిగా లోపలికి పోయి బయటికొచ్చింది. వహీదా ఆ పర్దా వైపు చూసింది. అక్కడ తలుపెందుకు లేదో ఇప్పుడెవరూ ఆమెకు చెప్పనక్కర్లేదు.

నిసార్ మ్యాట్ అంచు దాకా వచ్చాడు. "మేడం, ఆ ఫైనల్... మీరు వెనక్కి తిరిగి చూశారు," అన్నాడు తన ఇంగ్లీషులో.

"హాన్యా పోయిన కొద్ది రోజులకే ఆ పోటీ," అంది ఇవోనా. "అందరూ నాకోసం చప్పట్లు కొడుతున్నారు. నాకు తలుపు కొట్టిన చప్పుడు వినబడింది. ఇప్పటికీ వినబడుతుంది. ఆరోజు గెలిచింది నేను కాదు. యాభై రెండు ఆమెకు వదిలేసి నేను పైకి, యాభై ఏడుకు పోయి ఉండొచ్చు. పెద్ద పిల్లల చేతిలో ఓడిపోతానని భయపడ్డాను. నా భయం కోసం ఆమె కిందికి పోయింది. రెండేళ్ళు మ్యాట్ తొక్కలేదు. తర్వాత యాభై ఏడుకే వెళ్ళాను. చాలాసార్లు ఓడాను. ఓడితే ఏమీ కాదని అప్పుడు తెలిసింది. ఆ కంచు పతకం ఒక్కటే నాది."

శిఫా ఒక్కో మాటా తల్లికి చెబుతూనే ఉంది. ఇవోనా ఆమె వైపు తిరిగింది. "బరువు చూసే మిషన్ పెట్టకపోతే ఆ దయ్యం ఈ గదిలోకి రాదనుకున్నాను. నువ్వు ఎంత అంటే అంత నమ్మాను. కళ్ళెదుటే కరిగిపోతుంటే కళ్ళు మూసుకున్నాను. తప్పు నాది."

"తప్పు నాది," అన్నాడు నిసార్. "ఖాళీగున్నదని చెప్పింది నేనే."

వాళ్ళిద్దరూ తప్పును పంచుకుంటున్నారు. మూడో వాటా అక్కడే పడి ఉందని వహీదాకు తెలుసు. అయినా దాన్ని ముట్టుకోవాలంటే భయమేసింది.

"రోజా అని ఎందుకన్నవే?" అడిగింది కూతుర్ని. "తిననంటే నేను తిడ్తననా? అబద్ధమాడనీకి నీకు అల్లా పేరే దొరికిందా?"

శిఫా తల వంచుకుంది. "మొదట్ల నిజంగనే ఉన్న అమ్మీ. ఒక్క రోజు ఉన్న. నువ్వు నెత్తి మీద ముద్దు పెట్టుకున్నవు. దర్స్‌ల అందరికి చెప్పినవు. రుక్సార్ ఆంటీ వచ్చి, నీ దువా తొందరగ ఖబూల్ అయితది, మా ఆయన నౌకరీ కోసం అడుగు బేటా అన్నది. నువ్వంత ఖుష్‌గ ఎన్నడు లేవు. ఇంక ఎట్ల చెప్పాలె నేను? సహరీ తినబుద్ధి కాకపోతుండె. పారేస్తే పాపం. అందుకే పిల్లులకు పెట్టిన."

పారేస్తే పాపమని నేర్పింది తనే. అన్నం మెతుకు కింద పడితే ఏరి పక్కన పెట్టమని నేర్పింది తనే. ఆకలితో ఉన్న బిడ్డ పాపానికి భయపడి తన అన్నం పిల్లులకు పెట్టింది. ఆ మెడ ఎముకల మీద మెరిసింది నూర్ అని తను పదిమందికీ చెప్పుకుంది.

ఆమె తన హ్యాండ్‌బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పింది.

"తాగు."

శిఫా బెదిరిపోయింది. "అమ్మీ, రోజా! మగ్రిబ్‌కు ఇంకింతసేపే ఉన్నది. ఆగుత."

పుట్టి బుద్ధెరిగాక వహీదా సూర్యుడు దిగకముందు ఎవరి రోజా విప్పించలేదు. జ్వరంతో వణుకుతూ కూడా తను విప్పలేదు. ఓర్చుకోవడమే భక్తి అనుకుంటూ ఇంత దూరం వచ్చింది. కానీ ఆ తలుపు వెనకాల పిల్లకు కూడా ఇంకింతసేపే అన్నారు. ఇంకింతసేపు ఓర్చుకో అన్నారు. ప్రాణమిచ్చినవాడు ఆ ఓర్పును అడిగాడా? ఎవరు అడిగారు?

"తినకుంటే ఆకలి బేటా. అల్లా కోసమని మనసుల నియ్యత్ చేసుకుంటేనే అది రోజా," అంది. సీసా ముందుకు చాపింది. "ఈ ఆకలి ఆయన అడగలే. మేం అడిగినం. ఆయన ముందట నేను జవాబిచ్చుకుంట. ఇంకింతసేపు వద్దు. ఇప్పుడే తాగు."

ఎడమ చేత్తో కూతురి తల వెనక పట్టుకుని, చంటిపిల్లకు పట్టినట్టు సీసా పెదవులకు ఆనించింది. మొదటి గుటక దగ్గర శిఫా కళ్ళు మూసుకుంది. రెండో గుటకకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే తాగింది. నీళ్ళు గడ్డం మీదుగా స్వెటర్ల మీదికి కారాయి. "మెల్లగ, మెల్లగ," అంటూ వహీదా తన దుపట్టాతో తుడిచింది. నిసార్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇవోనా మాత్రం కళ్ళు తిప్పుకోలేదు. సీసా అడుగంటే దాకా ఆ గొంతు కదలడం చూస్తూనే ఉంది.

"శనివారం?" అంది శిఫా చివరికి, ఎక్కిళ్ళ మధ్య.

"శనివారం నువ్వు ఇంట్లో అన్నం తింటావు. రేపు డాక్టర్‌కు చూపించుకుంటావు," అంది ఇవోనా. "బాగైన తర్వాత యాభై ఏడు. అక్కడ నాకు ఎవరూ లేరు."

నిసార్ ఉలిక్కిపడ్డాడు. "మేడం, ఆ తరగతిలో పెద్ద పెద్ద పిల్లలుంటారు. ఎత్తి పడేస్తారు."

శిఫా ఆ మాట తల్లికి చెప్పింది. వహీదా దుపట్టాతో తన ముఖం కూడా తుడుచుకుంది.

"పడేస్తే లేస్తది. నీ వీడియోల పిల్ల రోజు లేస్తలేదా?"

అమ్మ ఏమందో శిఫా ఇంగ్లీషులో చెప్పేసరికి ఇవోనా నవ్వింది. నిసార్ ఆ నవ్వు చూశాడు. ఇన్నాళ్ళూ వీడియోలో వెతికింది అదే.

ఆ సాయంత్రం వహీదా రుక్సార్‌ను పిలిచి పిల్లుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. శుక్రవారం దర్స్‌లో కూడా చెప్పింది. తన బిడ్డ రోజాల గురించి గొప్పలు చెప్పుకున్న చోటే చెప్పాలనిపించింది. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. ఒకామె మాత్రం లేచి, ఇంటికి వెళ్ళి తన కూతురి గది తలుపు తట్టింది.

చలి వెళ్ళిపోయాక లుసైల్‌లో ఇంకో పోటీ జరిగింది. శిఫా యాభై ఏడు కిలోల తరగతిలో దిగింది. మొదటి ఆటలోనే ఒక పొడుగాటి పిల్ల ఆమెను అమాంతం ఎత్తి వెల్లకిలా పడేసింది. వహీదా "యా అల్లా!" అని లేచి నిలబడింది. పడిన పిల్ల పైకప్పు చూస్తూ ఒక్క క్షణం అలాగే ఉండి, లేచి, జుట్టు సర్దుకుని, ఎదుటి పిల్లతో చేయి కలిపి నవ్వుతూ వచ్చింది. గెలిచినవాళ్ళ చప్పట్లు ఒక పక్క మోగుతున్నాయి. ఇవోనా తలుపు వైపు చూడలేదు. శిఫానే చూస్తోంది.

ఆ చప్పుడు ఆమెకు ఇక వినబడటం లేదా? వహీదా అడగలేదు. అడగాల్సిన మాట కాదది. కానీ ఇప్పుడు ఆ చప్పుడు తనకు వినబడుతోంది. రాత్రి ఇషా నమాజు తర్వాత దువాకు చేతులు ఎత్తినప్పుడు తనవాళ్ళందరి పేర్లు అయిపోయాక, ఎన్నడూ చూడని ఒక బొగ్గుబాయి బిడ్డ పేరు నాలుక మీదికి వస్తుంది. తన మతం కాని పిల్ల కోసం ఎలా అడగాలో ఆమెకు తెలియదు. ఎవరినీ అడగలేదు కూడా. "ఆ పిల్ల తలుపు కొట్టింది మాలిక్. నువ్వు విన్నవు గద," అంటుంది. అంతే.

పోటీ నుంచి ఇంటికి రాగానే శిఫా స్నానానికి వెళ్ళింది. వేడినీళ్ళ చప్పుడు మొదలైంది. వంటింట్లో వహీదా చేతిలో గరిటె ఆగిపోయింది. పొయ్యి తగ్గించి, వరండా దాటి వెళ్ళి తలుపు తట్టింది.

"శిఫా."

నీళ్ళ చప్పుడు. ఆవిరి. ఆమె మళ్ళీ తట్టింది.

"శిఫా!"

"ఉన్న అమ్మీ!" అంది లోపలి నుంచి గొంతు, విసుగ్గా, బతికి ఉన్న పిల్లల గొంతులో ఉండే విసుగుతో. "రోజు ఏందిది? తానం చేస్తున్న. బాగ ఆకలైతుంది, ఖీమా ఉన్నదా?"

"ఉన్నది బేటా. చానా ఉన్నది."

జవాబు వచ్చింది. అయినా వహీదా కాసేపు అక్కడే, తలుపు మీద అరచేయి ఆనించి నిలబడింది.